తొలికత్తెర ఉన్ని

ఏకిన ఉన్ని ఊపిరి తీస్తుంది.

విల్లు నారి మీటిన ప్రతిసారీ పైకి లేస్తుంది... మెల్లగా కుంగుతుంది... మళ్ళీ లేస్తుంది. చాప మీద ఏదో జంతువు పడుకుని నిద్రపోతున్నట్టు. ఇంకా కాళ్ళు రాని జంతువు. ఇంకా ముఖం రాని జంతువు.

చలిగాలి. జొన్నచొప్ప వాసన. గొర్రె జిడ్డు వాసన.

దేవక్క వాకిట్లో కూర్చుని ఉన్ని ఏకుతూ ఉంది.

పెద్దకడుబూరు దారిలో, పత్తి చేలకూ వేరుశనగ చేలకూ నడుమ ఒక మెట్ట ఊరు. ఆ ఊళ్ళో అది కంబళ్ళు నేసిన ఇల్లు. కంబళ్ళు ఇప్పుడెవరు కప్పుకుంటారు? జాతరలో పువ్వుల దుప్పట్లు గుట్టలు పోసి అమ్ముతున్నారు. తేలిక. చవక. నిప్పురవ్వ పడితే ఒంటికి కరుచుకుపోతాయి. అయినా అవే కావాలి జనానికి.

మగ్గం మూలకు పడింది. చేతులు మాత్రం మూలకు పడవు కదా.

అందుకని దేవక్క బొమ్మలు చేస్తుంది. ఉన్ని జంతువులు.

కాలానికో జంతువు.

వానల ఉన్ని పొట్టిది. పల్లేరుకాయలు చిక్కుకుని గరగరలాడుతుంది. దానితో కౌజుపిట్టలు. చలికాలపు ఉన్ని పొడుగు, మెత్తన. దానితో కుందేళ్ళు. ఎండాకాలం నల్ల ఉన్ని కొనలు కాలి రాగిరంగు తేలతాయి. దానితో జింకలు. వేరుశనగ చేల మీద పడి మేసే జింకలు. రైతు బూతులు తిట్టి తరిమే జింకలు. తిట్టిన ఆ రైతే ఆదోని అంగట్లో ఆ జింకను చేతికి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నవ్వి, పిల్లలకని కొనుక్కుపోతాడు.

దేవక్క రంగు వెయ్యదు. రంగులో ఏ మందు కలుపుతారో అని.

కంటికి పూస కుట్టదు. పూస ఊడితే బిడ్డ మింగుతుందని. నల్లదారంతో ముడి వేస్తుంది. అదే కన్ను.

సూది పని కాగానే గోడకు గుచ్చుతుంది. గుచ్చి, ఉందా లేదా అని మళ్ళీ చూస్తుంది.

అంత జాగ్రత్త మనిషి.

అంత జాగ్రత్త మనిషి —

గొర్రెపిల్ల బొమ్మ మాత్రం అంగడికి పోదు. అది అమ్మేది కాదు.

వానల్లో పుట్టిన పిల్లకు చలికాలంలో మొట్టమొదటిసారి కత్తెర పడుతుంది. ఆ ఉన్ని తొలికత్తెర ఉన్ని. కూతురి బిడ్డకు పండ్లు వచ్చే వేళకు అవ్వ ఆ ఉన్నితో గొర్రెపిల్లను చేసి తీసుకుపోతుంది. పదిమంది ముందర దాని చెవిని బిడ్డ నోటికి అందిస్తుంది. బిడ్డ చెవి కొరికితే మేలు. గట్టిగా కొరికితే మరీ మేలు.

ఇంకొక మాట. కత్తెర పడ్డాక తొలికత్తెర ఉన్నికి నీళ్ళు తగలకూడదు.

వేరే ఉన్నిని ఉతుకుతారు. వేడినీళ్ళలో నానబెడతారు, కుంకుడురసం పోస్తారు, బండ మీద ఆరేస్తారు. దీన్ని మాత్రం ఉతకరు. ఆ జిడ్డులో తల్లిగొర్రె నాకిన తడి ఉంటుందట. అది కడిగేస్తే బొమ్మకు జీవం పోతుందట. దేవక్క అమ్మ చెప్పింది. అమ్మకు ఆమె అమ్మ చెప్పింది. ఎవరూ ఉతకలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ కాలపు గొర్రెల ఒంటి మీద జిడ్డు తప్ప ఏమీ ఉండేది కాదు.

నిన్ననే పోయి వచ్చింది దేవక్క. ఎమ్మిగనూరులో కూతురు ఈశ్వరి ఇల్లు. ఈశ్వరి అత్త బసమ్మ చాప పరిచింది. వీధి ఆడవాళ్ళు వచ్చారు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టి దేవక్క గొర్రెపిల్ల చెవిని నోటికి అందించింది.

పాప వాసన చూసింది. ముక్కు చిట్లించింది.

కొరికింది.

"కొరికింది! కొరికింది!" అని వీధంతా నవ్వింది. పాప ఇంక వదల్లేదు. లాగితే ఏడ్చింది. చెవి నోట్లో పెట్టుకుని చప్పరించింది. చిగుళ్ళతో నమిలింది. దేవక్క కళ్ళు తడిశాయి, సంతోషంతో.

సంతోషం.

ఆ మాట ఒక్క రోజు కూడా నిలవలేదు.

---

ఈ పొద్దు కుందేలు బొమ్మకు ఉన్ని చాలలేదు. ఇంకొక పిడికెడు కావాలని మంద దగ్గరికి పోయింది. ఊరి బయట, కోత అయిపోయిన పత్తి చేను. ముళ్ళకంప దడి. లోపల తమ్ముడు జయన్న గొర్రెలు.

దడి వారగా ఒక గొర్రెపిల్ల.

నిలబడి ఉంది. కానీ నిలబడలేకపోతూ ఉంది.

వణుకు. మూతి చుట్టూ నురగ. కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు జారుతున్నాయి. కంటిపాప ముడుచుకుపోయింది — కంట్లో కన్ను లేనట్టు. చూస్తూ ఉంది, ఏమీ చూడకుండా.

"ఏమైందిరా దీనికి?"

"సలికి అక్కా. సలి పట్టింది."

"సలికి నురగ వస్తాదా?"

"గోమార్లు రగతం తాగేసినాయి. బలం లేదు. ఇప్పుడు లేవులే గోమార్లు. సూడు కావాలంటే. ఒక్కటుంటే నన్నడుగు."

దేవక్క వంగి బొచ్చు పాయ తీసి చూసింది. నిజమే. వానాకాలం నుంచి చెవుల్లో, తొడల్లో కుంకుడుగింజల్లా వేలాడిన గోమార్లు... ఒక్కటి లేదు. చచ్చిన గోమారి కూడా లేదు. ఒళ్ళంతా శుభ్రం. మరీ శుభ్రం.

భయం అక్కడ మొదలైంది. ఆ శుభ్రం దగ్గర.

"ఏం పెట్టినావురా?"

"మందు."

"ఏం మందు?"

"మందే అక్కా. పత్తికి కొట్టంగా మిగిలిండె. బక్కెట్లో కలిపి పిల్లలను ముంచి తీసినా. యాపాకు రసానికి సావవు ఈ కాలం గోమార్లు. మనకంటే మొండివి." జయన్న నవ్వాడు. "మురికి గూడా పోయిండె. నువ్వే అంటివి గదా, ఈ తూరి బొచ్చు మల్లెపువ్వు మాదిరి ఉందిరా అని."

అన్నది. తనే అన్నది.

"ఎప్పుడురా ముంచినావు?"

"కత్తెర పెట్టేదానికి ముందర. గోమార్లు కత్తెరకు అడ్డం వస్తాయని."

కత్తెరకు ముందర.

గాలి ఆగిపోయింది. లేకపోతే దేవక్కకు ఆగిపోయినట్టు అనిపించింది.

జయన్న చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. పిల్లలు కళ్ళ ముందర రక్తం లేక తెల్లబడి రాలిపోతుంటే చూడలేకపోయాడు. పశువుల డాక్టరు దగ్గరికి పోవాలంటే మందను వదలాలి. మందను వదిలితే నక్క. ఇంట్లో డబ్బా ఉంది. పురుగును చంపుతుంది. గోమారి పురుగే కదా. ఇంక ఆలోచించడానికి ఏముంది? అమ్మినవాడు ఏమీ చెప్పలేదు. డబ్బా మీద రాసి ఉంటుందట — చీమ తలకాయంత అక్షరాల్లో, ఎవరికీ రాని భాషలో. చెప్పేశాం కదా అని చేతులు దులుపుకోవడానికి ఆ అక్షరాలు. చదవడానికి కాదు. జయన్నకు కనబడేలా వేసింది ఒక్క బొమ్మే.

ఉన్నితో జంతువు చేసేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. విషం డబ్బా మీద జంతువును వేసేవాళ్ళు పట్నంలో ఉన్నారు. ఇద్దరి జంతువులూ ముద్దుగానే ఉంటాయి.

"ఊరికే గాబర పడతావు అక్కా. మందు కొట్టేటోడ్ని నేను. నాకేమైనా అయ్యిందా?"

దేవక్క వినడం లేదు.

నాలుక గుర్తొచ్చింది ఆమెకు. ఉన్ని వడికేటప్పుడు బొటనవేలు నాలుకకు అద్దుకుంటుంది — దారం జారకుండా. వేలు నాలుకకు. నాలుక నుంచి దారానికి. మళ్ళీ వేలు నాలుకకు. ఈ నాలుగు దినాలుగా నాలుక తిమ్మిరిగా ఉంది. పెదాల మీద చీమలు పాకినట్టు ఉంది. ఆకువక్కలో సున్నం ఎక్కువైందేమో అనుకుంది. తలనొప్పి వచ్చింది, చలి అనుకుంది.

ఉమ్మి అద్ది వడికింది. ఉమ్మి అద్ది చుట్టింది. చెవిని ఉమ్మి అద్ది మొన తేల్చింది.

ఆ చెవి —

---

ఫోను.

వేళ్ళు వణుకుతున్నాయి. ఇది భయమా? మందా? ఆ సంగతి కూడా తెలియడం లేదు.

ఈశ్వరి ఫోను మోగింది... మోగింది... ఎత్తలేదు. కుట్టుమిషన్ల షెడ్డులో ఉంటుంది, ఆ చప్పుడులో ఏం వినబడుతుంది? వియ్యపురాలు బసమ్మకు చేసింది.

"వదినా. పాప ఏం చేస్తాంది?"

"నిద్రపోతాంది వదినా! పొద్దున్నించి నిద్రే. నీ గొర్రెపిల్ల మహిమ. రాత్రంతా దాని చెవి ఇడిసిపెట్టలేదు. పాలు గూడా వద్దనింది. చొంగ మాత్రం కారుస్తానే ఉంది, గౌనంతా తడుపుకునింది. పండ్లు వస్తాండాయి గదా."

చొంగ.

దడి వారగా ఉన్న గొర్రెపిల్ల మూతి కనబడింది దేవక్కకు.

"లేపు వదినా."

"నిద్రపోయే బిడ్డను యాడన్నా లేపుతారా?"

"లేపు."

"ఏమొచ్చింది నీకు? కలేమన్నా వచ్చిందా?"

అప్పుడే చెప్పాల్సింది. ఆ క్షణంలోనే. ఒక్క మాట — విషం. రెండక్షరాల మాట. గొంతులోకి వచ్చింది, నాలుక దాకా వచ్చింది. తిమ్మిరెక్కిన నాలుక మీద ఆగింది.

ఎందుకు ఆగింది? వియ్యాలవారి ఇల్లు. 'మీ పుట్టింటి ఉన్ని నా మనవరాలిని...' అని రేపు బసమ్మ అంటే ఈశ్వరి తల ఎక్కడ పెట్టుకుంటుంది? ఇంత భయంలోనూ ఆ భయం. ఆడదాని నెత్తిన ఎన్ని భయాలు పెట్టారో, ఒకదాని కింద ఒకటి, అసలు భయం బయటికి రావడానికి దారి లేకుండా.

"నేను వస్తాండా వదినా. ఆ బొమ్మను మాత్రం తీసి దూరంగా పెట్టు."

"నువ్వు పెట్టినదాన్ని నువ్వే తియ్యమంటావా? పండు రాకముందే తీస్తే బిడ్డకు కీడు గదా. మీదీ మాదీ ఒకే కులం, నాకు తెలీదా ఆచారం? ఏం మాట వదినా అది!"

బసమ్మకు కోపం వచ్చింది. ఫోను పెట్టేసింది.

పెట్టేసి, పాప చేతిలో జారిన బొమ్మను మళ్ళీ సర్ది ఉంటుంది. చెవిని నోటి దగ్గరికి జరిపి ఉంటుంది. మంచి అవ్వ కదా. మంచి అవ్వలు అలాగే చేస్తారు.

---

షేర్ ఆటో నిండేదాకా కదలదు.

"పద మద్దిలేటీ."

"ఇంకిద్దరు రానీ అక్కా. డీజిల్ లేకుండా నీ బొచ్చుతో నడుస్తాదా బండి?"

ఆటోలో ఉన్నవాళ్ళు నవ్వారు. దేవక్క నవ్వలేదు. చేతులు రెండూ మోకాళ్ళ మీద, అరచేతులు పైకి పెట్టుకుని కూర్చుంది. ఎవరికీ తగలకుండా. చీరకు కూడా తగలకుండా.

చేతులు. గొర్రె వాసన. ఎప్పుడూ ఉండే వాసనే. దాని కింద ఇంకొక వాసన ఉందా? మందు వాసన? ఉన్నట్టుంది... లేనట్టుంది... ముక్కు దగ్గరికి తీసుకోవాలంటే భయం.

కదిలింది ఆటో.

ఎదురు సీట్లో జయమ్మ. ఆ ఊరిదే, పక్క వీధి మనిషి. నోరు మూతపడదు.

"ఏమ్మే దేవక్కా, నిన్న గదా పోయి వచ్చింది? అల్లుడు కోడికూర బాగ పెట్టినట్టుండాడు, మళ్ళా పోతాండావు?"

"పాపను చూసేదానికి."

"కొరికిందంట గదా చెవి! ఊరంతా చెప్పుకుంటాండారు. నేను గూడా చేసినాలేమ్మే, ఆలూరులో ఉండే మా కూతురి బిడ్డకు. నీ మాదిరి వస్తాదా నాకు? గొర్రెపిల్ల చేస్తే పందిపిల్ల వచ్చింది. మా అల్లుడు సూసి, అత్తా, ఇది గొర్రెనా, పందినా, మా అమ్మనా అన్యాడు."

ఆటో అంతా విరగబడి నవ్వింది. మద్దిలేటి పాట సౌండు తగ్గించి మరీ నవ్వాడు.

"ఉన్ని యాడిది?" అంది దేవక్క.

"యాడిదేంది? మీ జయన్న మందదే. సంచినిండా ఇచ్చినాడు, పాపం. తొలికత్తెరది. మల్లెపువ్వు మాదిరి ఉండె."

మల్లెపువ్వు మాదిరి.

దేవక్క తల తిప్పి బయటికి చూసింది. బయట పత్తి చేలు. మోడుబారిన పత్తికట్టె. విచ్చిన కాయల్లో ఏరగా మిగిలిన దూది, తెల్లగా, అక్కడక్కడ. ఇన్నేళ్ళు చూసిన చేలే. ఈ పొద్దు ప్రతి తెలుపూ భయపెడుతూ ఉంది. ఈ దూదికి ఎన్నిసార్లు కొట్టారు? ఈ చేలో మేసే జీవాల కడుపులోకి ఎంత పోయింది? ఆ జీవాల పాలలోకి? ఈ నీళ్ళలోకి? గట్టున ఆడుకునే పిల్లల గోళ్ళలోకి?

ఎంత పోయిందో లెక్క చెప్పేవాడు లేడు. అడిగేవాడూ లేడు.

ముందర గొర్రెలమంద. రోడ్డుకు అడ్డం.

మద్దిలేటి హారన్ కొట్టాడు. గొర్రెలు కదల్లేదు. గొర్రెలకు తొందర ఉండదు. తల్లి వెనక పిల్ల, పిల్ల వెనక తల్లి... పారుతూనే ఉన్నాయి... ఎరుపు, నలుపు, ఎరుపు... కాపరి ఈల వేస్తూ వెనక ఎక్కడో ఉన్నాడు. ఒక పిల్ల ఆటో పక్కకు వచ్చి దేవక్క మోకాలి దగ్గర మూతి పెట్టింది. వాసన పట్టింది. తనవాళ్ళ వాసన.

దేవక్క చేయి గబుక్కున వెనక్కి తీసుకుంది.

ఎన్నడూ తియ్యని చేయి. పుట్టినప్పటి నుంచి ప్రతి గొర్రెపిల్ల మూతినీ తడిమిన చేయి.

ఫోను మోగింది.

బసమ్మ.

"వదినా..." ఇది ఇందాకటి గొంతు కాదు. కోపం లేదు అందులో. ఏమీ లేదు. "లేపినా వదినా. నువ్వు అంత చెప్తివని లేపినా. లేస్తాలేదు. కన్ను తెరుస్తాది, మళ్ళా మూస్తాది. మెడ నిలుస్తాలేదు వదినా. గుడ్డ మాదిరి వాలిపోతాంది. ఊపిరి... గురక మాదిరి వస్తాంది..."

ఆ మాట నాలుక మీద ఇంక ఆగలేదు.

"విషం వదినా! ఆ ఉన్నిలో విషం ఉంది. పత్తి మందు. మా తమ్ముడు గొర్రెలను దాంట్లో ముంచినాడు, నేను కడగలేదు, నేనే చేసినా, నేనే నోట్లో పెట్టినా! బొమ్మను పారెయ్. నోరు తుడువు. గౌను ఇప్పెయ్. ఆసుపత్రికి ఎత్తుకుని పరిగెత్తు వదినా, పరిగెత్తు —"

ఆటోలో పాట ఆగిపోయింది.

మద్దిలేటి దిగాడు. గొర్రెలను కాళ్ళతో, చేతులతో, బూతులతో తోసి దారి చేశాడు. ఎక్కాడు. "గట్టిగా పట్టుకోండి అందరూ" అన్నాడు. అంతే అన్నాడు.

ఆటో దుమ్ము లేపుకుంటూ ఉరికింది.

"దేవక్కా..." జయమ్మ.

దేవక్క చూడలేదు.

"దేవక్కా. మా ఆలూరు బిడ్డకు ఇచ్చింది గూడా... జయన్న మందదే గదమ్మే."

"ఫోను చెయ్యి."

"అది గూడా కొరికిందమ్మే."

"ఫోను చెయ్యి జయమ్మా!"

జయమ్మ ఫోను తీసింది. మీటలు కనబడటం లేదు ఆమెకు. వేలు ఎక్కడో పడుతోంది. "యాడుంది... యాడుంది నంబరు..." పక్కనున్నామె ఆ ఫోను లాక్కుని నొక్కింది. ఎవరికో మోగుతోంది. అందరికీ వినబడుతోంది. మోగుతోంది... మోగుతోంది...

ఎవరికెవరికి ఇచ్చాడు జయన్న? సంచినిండా, పాపం, అడిగినవాళ్ళకల్లా. చిప్పగిరికి పోయిందా? ఆదోనికి పోయిందా? ఏ కూతురి ఇంట్లో, ఏ ఉయ్యాలలో, ఏ చిగుళ్ళ కింద ఉంది ఇప్పుడు?

తెల్లని గొర్రెపిల్లలు. మెత్తని గొర్రెపిల్లలు. ఇళ్ళలోకి నడిచిపోయాయి, చప్పుడు లేకుండా.

---

ఎమ్మిగనూరు. మగ్గాల వీధిలో చప్పుడు — టకటక, టకటక. ఏ ఇంటి ముందరా ఆగలేదు. ఆసుపత్రి ముందర ఆగింది ఆటో.

నడవాలో బసమ్మ, నేల మీద. చెప్పుల్లేవు. కొంగు జారింది. దేవక్కను చూసింది. తిడుతుందనుకుంది దేవక్క. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"లోపల ఉండాది" అంది.

పెద్దవాళ్ళ మంచం మీద పాప. ఎంత మంచం... ఎంత పాప. పక్కన ఈశ్వరి. మిషన్ల షెడ్డు నుంచి అట్లాగే వచ్చింది, మెడలో కొలతల టేపు వేలాడుతూ.

డాక్టరమ్మ పాప కంట్లో లైటు వేసి చూసింది. ఇంకొక కంట్లో చూసింది. నర్సుకు ఏదో చెప్పింది. అప్పుడు తిరిగింది.

"మందు పేరేంటి?"

గుమ్మం దాకా వచ్చిన బసమ్మ దేవక్క వైపు చూసింది.

"ఏ మందులో ముంచారు? పేరు కావాలి."

దేవక్క జయన్నకు ఫోను కలిపింది. స్పీకరు పెట్టింది.

"రేయ్, ఆ మందు పేరేంది?"

"పేరా... పేరు తెలీదక్కా. డబ్బా మీద గద్ద బొమ్మ ఉండె. ఎర్ర గద్ద. రెక్కలు ఇట్ల సాపుకొని."

"గద్ద బొమ్మ చాలా డబ్బాల మీద ఉంటుంది." డాక్టరమ్మ గొంతులో విసుగు లేదు. అదే ఇంకా భయం. "డబ్బా తెమ్మను. వెంటనే."

"డబ్బా యాడరా?"

జయన్న ఊపిరి వినబడుతోంది. వెనకాల గొర్రెల అరుపు వినబడుతోంది.

"అక్కా... డబ్బా కోసి పిల్లలకు నీళ్ళు పెడతాండా. కాయితం ఎప్పుడో నానిపోయింది. ఊడిపోయింది." అప్పుడు వాడు ఏడ్చేశాడు. "ఆ పిల్ల సచ్చిపోయిందక్కా. ఇంక రెండు పడిపోయినాయి. పాప ఎట్ల ఉంది? అక్కా? పాప ఎట్ల ఉంది?"

"కొన్న అంగడికి పో. పోయి అడుగు. పో రా!"

డాక్టరమ్మ ఆగలేదు. "పేరు దొరికితే మేలు. దొరక్కపోయినా మొదలుపెడతాను" అంది. బసమ్మకు చీటీ ఇచ్చింది. బసమ్మ వట్టికాళ్ళతో పరిగెత్తింది.

నర్సు పాప చేతికి సూది ఎక్కించింది. అంత చిన్న చేయి. నరం దొరకలేదు. మళ్ళీ గుచ్చింది. పాప ఏడవలేదు.

ఏడిస్తే బాగుండేది. ఏడుపు కోసం ఆ గది అంతా చెవులు పెట్టుకుని ఉంది.

దేవక్క బయటి కుళాయి దగ్గరికి పోయింది. సబ్బు అరిగేలా రుద్దింది. గోళ్ళ సందుల్లో. వేళ్ళ సందుల్లో. మణికట్ల దాకా. మోచేతుల దాకా. కడిగింది. వాసన చూసింది. కడిగింది. ఆ జిడ్డు పుట్టినప్పటి నుంచి ఎక్కింది. అమ్మ చేతుల నుంచి ఎక్కింది. అంత త్వరగా ఎలా పోతుంది? ఉన్నికి తగలనివ్వని నీళ్ళన్నీ ఇప్పుడు చేతుల మీద పోసుకుంది.

లోపలికి వచ్చింది. చేతులు ఒంటికి దూరంగా పట్టుకుని. నీళ్ళు కారుతున్నాయి.

పాప కదిలింది. మెలకువ కాదు. ఒక వణుకు, కాళ్ళ నుంచి మెడదాకా. సూది ఉన్న చేయి ఎగిరింది.

"పట్టుకోండి! సూది ఊడిపోతుంది. ఎవరైనా ఆ చేయి పట్టుకోండి!" నర్సు కేక.

ఈశ్వరి పాప కాళ్ళను అదిమి పట్టింది. సూది ఉన్న చేయి దేవక్క వైపు ఉంది.

"అమా. పాప చెయ్యి పట్టుకో."

దేవక్క కదల్లేదు.

"అమా!"

"నా చేతులు, ఈశ్వరీ..."

ఈశ్వరి తలెత్తింది. తల్లి చేతుల వైపు చూసింది. తడి చేతులు. ఎర్రబడ్డ చేతులు. జ్వరమొస్తే తన నుదుటి మీద ఉన్న చేతులు. తనకు జడ వేసిన చేతులు. నిన్న చాప మీద, పదిమంది ముందర —

ఈశ్వరి ముఖంలో ఒక భయం నడిచిపోయింది. దేవక్క చూసింది దాన్ని. తన బిడ్డ కళ్ళలో, తన చేతులంటే భయం.

అది పోయిందా? ఉండిపోయిందా? తెలియలేదు.

"పట్టుకోమా" అంది ఈశ్వరి. మెల్లగా. "ఇంకెవరుండారు."

దేవక్క చేయి చాచింది.

పాప వేళ్ళు తెల్లగా ఉన్నాయి. దేవక్క వేళ్ళు వాటిమీదికి వంగాయి. వెంట్రుకవాసి దూరం. ఇంకా తగల్లేదు.

పాప రొమ్ము లేచింది...

మెల్లగా కుంగింది...

దేవక్క చూస్తూ ఉంది. ఈశ్వరి చూస్తూ ఉంది. కిటికీ అవతల మగ్గాల చప్పుడు. ఎక్కడో ఎవరిదో ఫోను మోగుతూ ఉంది.

మళ్ళీ లేవాలి.

మళ్ళీ —